కదిలేది పదార్థం, వెతికేది కంప్యూటరు

సంపాదకులకు నమస్కారం.

కిందటి నెల మీ ఆదివారం అనుబంధంలో సజీవ రోబోల గురించి వచ్చిన వ్యాసం చదివాను. సినిమా ముచ్చట్లకు, వారఫలాలకు పోగా మిగిలిన చోటులో ఒక శాస్త్ర విషయానికి పూర్తి పుట ఇవ్వడం చిన్న సంగతి కాదు, అందుకు ముందుగా ధన్యవాదాలు. అయితే కృత్రిమ మేధ ప్రాణులను పుట్టిస్తోందన్న అర్థం వచ్చేలా పెట్టిన శీర్షికను, దానికి తగ్గట్టే సాగిన మొదటి రెండు పేరాలను చదివినవారికి, కంప్యూటరులో ఒక మీట నొక్కితే అవతల గాజుపాత్రలో ఏదో జీవి లేచి నడిచిందన్న అభిప్రాయం కలుగుతుంది. జరిగింది అది కాదు. జరిగినదేమిటో సావకాశంగా చెప్పుకుంటే అందులో కంప్యూటరు వాటా ఎంత, పదార్థం వాటా ఎంత, మనిషి చేతి వాటా ఎంత అన్నది తేలుతుంది. పిల్లలందరినీ కంప్యూటరు బ్రాంచీల్లోకే తోస్తున్న ఈ రోజుల్లో ఆ లెక్క తేలడం అవసరమని నా అభిప్రాయం. ముప్పై ఏళ్లు డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, ఉత్తరం కాస్త పొడుగైతే ఆ పాత అలవాటును మన్నించండి.

విషయాన్ని ఇంట్లో ఉన్న వస్తువుతోనే మొదలుపెడతాను. వెడల్పాటి పళ్ళెంలో మంచినీళ్లు పోసి, హారతి కర్పూరం బిళ్ల నుంచి గోటితో చిన్న పలుకు గిల్లి నీటి మీద వదలండి. ఎవరూ తోయకుండానే అది గిర్రున తిరుగుతుంది, అంచు దాకా పరుగెత్తి వెనక్కి మళ్లుతుంది, రెండో పలుకు వేస్తే దాన్ని తప్పించుకుని పక్కకు పోతుంది. కర్పూరం నీటిపై పలుచటి పొరగా పరుచుకున్న చోట తలతన్యత, అంటే నీటి పైపొర బిగువు, తగ్గుతుంది, పొర తక్కువగా ఉన్న వైపు నీరు పలుకును గట్టిగా లాగుతుంది. ఆ పొర ఎప్పటికప్పుడు గాలిలోకి ఆవిరైపోతూ ఉంటుంది కాబట్టి రెండు వైపులా సమానమై లాగుడు ఆగిపోయే పరిస్థితి రాదు. ఈ పరుగును ఆపడానికి ఎంత నూనె కావాలో ఇంగ్లండు భౌతికశాస్త్రజ్ఞుడు లార్డ్ రేలీ 1890లో కొలిచాడు. 84 సెంటీమీటర్ల వెడల్పున్న తొట్టెలో ఒక మిల్లీగ్రాము కూడా లేని నూనె సరిపోయింది. దాన్ని బట్టి లెక్క కడితే నీటి మీది నూనె పొర మందం సుమారు 1.6 నానోమీటర్లు వచ్చింది; నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు. మా తరగతిలో ఈ ప్రదర్శన బెడిసికొట్టిన ప్రతిసారీ కారణం ఎవరో ఒక కుర్రవాడు జుట్టు సవరించుకున్న చేత్తో నీళ్లు ముట్టుకోవడమే.

ఇలా తనలోని నిల్వనో, చుట్టూ దొరికే ఇంధనాన్నో ఖర్చు చేస్తూ తమంతట తాము కదిలే ముక్కలు వేలల్లో, లక్షల్లో ఒకచోట చేరితే దాన్ని యాక్టివ్ మ్యాటర్ అంటారు. తెలుగులో క్రియాశీల పదార్థం అనుకుందాం. ఇనుము, గాజు, సిమెంటు మనం పెట్టిన చోట పడి ఉంటాయి. క్రియాశీల పదార్థంలో ప్రతి ముక్కకూ సొంత నడక ఉంటుంది, పక్కముక్క నడకతో అది ముడిపడి ఉంటుంది. బ్యాక్టీరియా ఈదుతున్న చుక్క నీరు, చేపపిల్లల గుంపు, కణం లోపలి ప్రోటీను తంతువుల అల్లిక, అన్నీ ఈ కోవలోకే వస్తాయి. 1995లో హంగరీ శాస్త్రజ్ఞుడు తమాష్ విచెక్, ఆయన సహచరులు దీనికి అతి చిన్న నియమం ఒకటి రాశారు: ప్రతి కణమూ ఒకే వేగంతో పోతూ, అడుగడుగునా తన చుట్టుపక్కల ఉన్నవాటి సగటు దిశను పట్టుకోవాలి, పట్టుకోవడంలో కొంత పొరపాటు పడుతూ ఉండాలి. పొరపాట్లు ఎక్కువైతే గుంపు చెదురుతుంది. అవి ఒక హద్దు కంటే తగ్గినా, గుంపు చిక్కబడినా, మొత్తం ఒక్క దిక్కుకు తిరుగుతుంది. ఇందులో నాయకుడు లేడు, ఆజ్ఞ లేదు.

మా పశ్చిమ గోదావరి జిల్లాలో కోతలయ్యాక చేలల్లోకి బాతుల మందలు దిగుతాయి. వందల బాతులకు ఒకరో ఇద్దరో మనుషులు ఉంటారు, చేతిలో పొడుగాటి కర్ర, దాని చివర ఒక గుడ్డపీలికో ప్లాస్టిక్ సంచో కట్టి ఉంటుంది. కాపరి ఏ బాతుకూ విడిగా ఏమీ చెప్పడు, మంద మధ్యలోకి అసలే పోడు. అంచున కర్రను కాస్త చాపుతాడు, అంచు వంగుతుంది, ఆ వంపు మంద అంతటా పాకుతుంది, కాసేపటికి మొత్తం గట్టెక్కి అవతలి మడిలోకి దిగుతుంది. తొందరపడి కర్ర గట్టిగా విసిరితే మంద రెండుగా చీలిపోతుంది, తిరిగి కలపడానికి పూట పడుతుంది. క్రియాశీల పదార్థాలతో ఏదైనా కృత్రిమ వ్యవస్థను తయారు చేయడమంటే ఈ కాపరి చేసే పనే. ముక్కలకు నడక నేర్పనక్కర్లేదు, అది వాటికి ఉంది. కర్ర ఎక్కడ ఆనించాలి, ఎంతసేపు, ఏ కోణంలో అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న ఎంత కష్టమో చెప్పాలి, ఎందుకంటే మెషిన్ లెర్నింగ్, అంటే ఉదాహరణల నుంచి కంప్యూటరు తానే నేర్చుకునే పద్ధతి, అవసరం ఇక్కడే వస్తుంది. వంతెన కట్టే ఇంజినీరు ఒక్కొక్క దూలం బలం తెలిస్తే మొత్తం ఎంత బరువు మోస్తుందో కాగితం మీద చెప్పగలడు. ఇక్కడ ఒక్కొక్క ముక్క నియమం పూర్తిగా తెలిసినా గుంపు ఏం చేస్తుందో చెప్పడం కష్టం; కావలసిన గుంపు ప్రవర్తనను ముందు పెట్టుకుని, వెనక్కి నడుచుకుంటూ వచ్చి, ముక్క ఎలా ఉంటే, సరిహద్దు ఎలా గీస్తే అది వస్తుందో చెప్పడం మరీ కష్టం. సాధ్యమయ్యే అమరికల సంఖ్య మనిషి ఓపికను దాటిపోతుంది. కాబట్టి కంప్యూటరుకు ఒక అమరిక ఇచ్చి, నడిపించి, ఫలితానికి మార్కులు వేసి, మార్కులు పెరిగే వైపు మార్చుకుంటూ పొమ్మంటారు. వెతికే పని దానిది. దేన్ని వెతకాలో, దేనికి మార్కులు వేయాలో చెప్పేది మనిషి.

మీ వ్యాసంలోని సజీవ రోబోలనే, అంటే జెనోబాట్లనే, తీసుకుందాం. 2020 జనవరిలో అమెరికాలోని వెర్మాంట్, టఫ్ట్స్ విశ్వవిద్యాలయాల బృందం వీటిని ప్రకటించింది. ముడిసరుకు జెనోపస్ లేవిస్ అనే ఆఫ్రికా కప్ప పిండాల నుంచి తీసిన కణాలు, అందులో కొన్ని చర్మకణాలు, కొన్ని గుండె కండర కణాలు. గుండె కణం ఎవరూ చెప్పకుండానే ముడుచుకుంటుంది, విచ్చుకుంటుంది. చర్మకణం ఊరికే పట్టుకుని ఉంటుంది. ఈ రెండు రకాల ఇటుకలను ఏ వరుసలో పేర్చితే ముద్ద మొత్తం ఒక దిక్కుకు జరుగుతుందన్నది ప్రశ్న. వెర్మాంట్‌లో శామ్ క్రీగ్‌మన్, జాషువా బాంగార్డ్ అక్కడి డీప్ గ్రీన్ అనే సూపర్‌కంప్యూటరులో నెలల తరబడి వేల అమరికలను నడిపి చూశారు. బాగా జరిగినవాటిని ఉంచి, వాటిలో చిన్నచిన్న మార్పులు చేసి, మిగతావాటిని పారేసి, మళ్లీ నడిపించే పద్ధతి అది. మన రైతు ఏటేటా మంచి కంకులు ఏరి విత్తనానికి పక్కన పెట్టుకున్నట్టే. కంప్యూటరు పని అక్కడితో సరి. ఆపైన టఫ్ట్స్‌లో డగ్లస్ బ్లాకిస్టన్ మైక్రోస్కోపు కింద సన్నటి పట్టుకారుతో, అంతకంటే సన్నటి ఎలక్ట్రోడుతో కణాల ముద్దను కొంచెం కొంచెం చెక్కి, తెర మీది ఆకారానికి దగ్గరగా తెచ్చాడు. అవి మిల్లీమీటరు కూడా ఉండవు. పిండం నుంచి తెచ్చుకున్న పచ్చసొన నిల్వతో వారం రోజులకు అటూ ఇటూ బతికాయి.

ఆ పరిశోధనలో నాకు అన్నింటికంటే నచ్చింది ఒక చిన్న పరీక్ష. నడుస్తున్న జెనోబాట్‌ను తిరగేసి, బోర్లా ఉన్నదాన్ని వెల్లకిలా పడుకోబెట్టారు. వెల్లకిలా పడిన పేడపురుగు సంగతే అయింది, ముందుకు పోలేకపోయింది. ఏ కణముద్దయినా ఎటో ఒకటు జరుగుతుందిలే అన్న అనుమానానికి ఇది జవాబు, నడక ఆకారం వల్లే వచ్చిందనడానికి సాక్ష్యం. ఇలాంటి అడ్డు ప్రశ్న తమ మీద తామే వేసుకోవడాన్ని శాస్త్రం అంటారు. మీ వ్యాసంలో దానికి ఒక్క వాక్యం కూడా దక్కలేదు. దాదాపు రెండు ముక్కలయ్యేలా కోస్తే మళ్లీ అతుక్కున్నాయన్న మాట మాత్రం రెండు సార్లు వచ్చింది, అది కృత్రిమ మేధ ఘనతగా వచ్చింది. గాయం మాన్చుకునే గుణం కప్ప కణాలది, అది కంప్యూటరు ఇచ్చింది కాదు.

జెనోబాట్లు సంతానం కంటున్నాయన్న మీ వ్యాసంలోని మాట కూడా సరిచేయాలి. అదే బృందం 2021 నవంబరులో ప్రచురించిన పనిలో, కప్ప చర్మకణాల గుండ్రటి ముద్దలు పైనున్న సన్నటి నూగు కదలికతో ఈదుతూ, పాత్రలో చల్లిన విడి కణాలను కుప్పలుగా తోశాయి. తగినంత పెద్దదైన కుప్ప కొన్ని రోజులకు తానూ ఈదే ముద్ద అయింది. గుండ్రటి ఆకారంతో ఈ వరస త్వరగా ఆగిపోతోందని, ఏ ఆకారమైతే ఇంకొన్ని తరాలు సాగుతుందో వెతకమని కంప్యూటరుకు అప్పగిస్తే, అది నోరు తెరిచిన సున్నా వంటి ఆకారాన్ని సూచించింది. ఆ నోరు చీపురులా కణాలను పోగు చేస్తుంది. వెతుకులాట అద్భుతంగా ఫలించిందనడంలో సందేహం లేదు. కానీ ఆ విడి కణాలను పాత్రలో చల్లింది మనుషులు. చల్లడం మానేస్తే వంశం అక్కడితో ఆగుతుంది.

రెండో ఉదాహరణకు మా ఊరితో చుట్టరికం ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్ వైద్య విద్యాలయంలో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో కండరం నుంచి ఏటీపీ అనే పదార్థాన్ని వేరు చేశారు; అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని పట్టుకున్నాడు. మనం వేలు కదిపినా, కన్ను ఆర్పినా ఖర్చయ్యే ఇంధనం అదే. మన కణాల్లో కైనసిన్ అనే ప్రోటీను ఒకటి ఉంటుంది, మైక్రోట్యూబ్యూల్ అనే సన్నటి గొట్టం మీద రెండు పాదాలతో నడుస్తూ సరుకు మోస్తుంది. ఒక్కొక్క అడుగు 8 నానోమీటర్లు, ఒక్కొక్క అడుగుకు ఒక్కొక్క ఏటీపీ అణువు. 2012లో బోస్టన్ శివారులోని బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో జ్వోనిమిర్ డోగిచ్ బృందం ఈ గొట్టాలను, గుత్తులుగా కట్టిన కైనసిన్లను, ఏటీపీని గాజుపాత్రలో కలిపింది. గుత్తిలోని కైనసిన్లు పక్కపక్క గొట్టాలను పట్టుకుని తలో వైపు నడిచేసరికి గొట్టాల కట్టలు సాగాయి, వంగాయి, తెగాయి, మళ్లీ అతుక్కున్నాయి. గంటల తరబడి ద్రవం తనను తానే కలుపుకుంటూ ఉండిపోయింది. అదే మిశ్రమాన్ని నూనెలో చుక్కలుగా వేస్తే చుక్క తనంతట తాను పాకింది. సుబ్బారావు గారు కండరంలో పట్టుకున్న ఇంధనం, కండరం లేకుండానే, సీసాలో పోసిన ద్రవాన్ని నడిపించిందన్నమాట. మా ఊళ్లో ఆయన పేరు తెలియనివారు తక్కువ, ఈ సంగతి తెలిసినవారు ఇంకా తక్కువ.

ఇక్కడ కర్ర ఏది? 2019లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ సంస్థలో కైనసిన్లను వెలుగు పడిన చోటే జతకట్టేలా మార్చారు. గుండ్రటి వెలుగు వేస్తే ఆ వలయంలోని గొట్టాలు నక్షత్రంలా కేంద్రం వైపు సర్దుకున్నాయి, వెలుగును మెల్లగా జరిపితే నక్షత్రం వెంట వచ్చింది. బాతుల కాపరి కర్ర ఇక్కడ వెలుగుమచ్చ. మరి వెలుగును ఎక్కడ, ఎప్పుడు, ఎంత వేగంతో జరపాలి? షికాగో విశ్వవిద్యాలయంలో అరవింద్ మురుగన్, ఆయన సహచరులు 2021లో ఇటువంటి ప్రశ్ననే కంప్యూటరు నమూనాలో పెట్టి, కణాల గుణం ముందుగా చెప్పకుండా, గుంపును అనుకున్న వైపు తీసుకుపోతే మార్కులు ఇస్తూ వెలుగుమచ్చను నడపడం నేర్పించారు. ఒకదాన్నొకటి పెద్దగా పట్టించుకోని కణాలకు ఒక ఎత్తు, అంటిపెట్టుకుని పోయే కణాలకు మరో ఎత్తు అది కనిపెట్టుకుంది. ఏ మందకు ఏ కర్ర అన్నది కాపరి కూడా ఇలాగే, అయితే ఎక్కువ దెబ్బలు తిని, నేర్చుకుని ఉంటాడు. ఇంకోవైపు, గొట్టాలూ కైనసిన్లూ కదిలే వీడియోలనే చూపించి, తర్వాత ఏం జరుగుతుందో ముందుగా చెప్పేలా న్యూరల్ నెట్‌వర్కులకు (పొరలు పొరలుగా కట్టిన మెషిన్ లెర్నింగ్ ప్రోగ్రాములకు) శిక్షణ ఇచ్చిన పరిశోధనలూ అదే కాలంలో వచ్చాయి.

మీ వ్యాసంలో నేర్చుకునే కణాల ప్రస్తావన ఉంది, అది జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో చేసిన పని గురించి అయి ఉండాలి. మన వైకుంఠపాళి పటం లాంటిది ఊహించుకోండి, గళ్లు మాత్రం 25. అందులో రెండు మైక్రోమీటర్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రోమీటరు) పూస ఒకటి నీటిలో తేలుతూ ఉంటుంది, దాని ఒంటి నిండా బంగారు నలుసులు. ఒక పక్కన లేజరు తగిలిస్తే ఆ పక్క వేడెక్కి పూస జరుగుతుంది. ప్రతి గడిలోనూ ఎనిమిది దిక్కులలో ఏదో ఒకటి ఎంచుకోవాలి, గమ్యం చేరితే బహుమతి, గీత దాటితే శిక్ష. గంటల తరబడి తప్పులు చేశాక దారి కుదిరింది. అయితే పూస ఏమీ నేర్చుకోలేదు. నేర్చినదంతా పక్కనున్న కంప్యూటరులోని ఒక పట్టికలో ఉంది, కెమెరా పూస ఏ గడిలో ఉందో చెబితే పట్టిక చూసి లేజరు ఎక్కడ తగిలించాలో కంప్యూటరు చెబుతుంది. ఈ పనిలో నిజంగా ఆలోచించదగ్గది వేరే ఉంది. నీటి అణువులు నిరంతరం పూసను కుదుపుతూ ఉంటాయి కదా, ఆ కుదుపు హెచ్చుతగ్గులను బట్టి ఏది మంచి దారి అన్నదే మారిపోయింది. కుదుపు తక్కువగా ఉన్నప్పుడు నేర్చిన పాఠం కుదుపు ఎక్కువైతే పనికిరాకపోవచ్చు.

ఆ వాక్యం మా ఇంట్లోనే రుజువైంది. మా మనవరాలు ఒక ఇంజినీరింగు కళాశాలలో ఏఐ-ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషిన్ లెర్నింగ్) బ్రాంచిలో మూడో ఏడు చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు నా కర్పూరం ఆట చూసి, దాని నడకను ముందుగా చెప్పే ప్రోగ్రాము రాస్తానంది. స్టీలు పళ్ళెం మెరుపుకు తెల్ల పలుకు కెమెరాకు అందడం లేదని నల్లటి ప్లాస్టిక్ ట్రే తెచ్చింది, రెండు కుర్చీల మధ్య కర్ర వేసి దానికి ఫోను కట్టింది, సాయంత్రానికి ఇరవై వీడియోలు తీసింది. అర సెకను తర్వాత పలుకు ఎక్కడ ఉంటుందో ప్రోగ్రాము చెప్పిన చుక్క, పలుకు నిజంగా చేరిన చోటు దాదాపు ఒకటే అవుతుంటే ఇద్దరం చప్పట్లు కొట్టాం. మర్నాడు పొద్దున్న అదే ట్రే, అదే కర్పూరం, అదే ప్రోగ్రాము; ఒక్క జవాబూ సరిగా రాలేదు. పలుకు ఒక చోట కూర్చుని బద్ధకంగా ఊగుతోంది, ప్రోగ్రామేమో అది పరుగెత్తుతుందని చెబుతోంది. రెండు గంటలపాటు పిల్ల ప్రోగ్రామును సరిచేస్తూ కూర్చుంది, నెట్‌వర్కుకు పొరలు పెంచింది, ఏవేవో అంకెలు మార్చింది.

“ట్రే దేనితో కడిగావమ్మా?” అని అడిగాను.

“అంట్లు తోమే లిక్విడ్‌తో, తాతయ్యా. నిన్నంతా జిడ్డుగా అనిపించింది.”

ఎనిమిది సార్లు మంచినీళ్లతో తొలిపాం, తొమ్మిదోసారి కర్పూరం పరుగందుకుంది, ప్రోగ్రాము మళ్లీ సరైన జవాబులు చెప్పింది. అది తయారు చేసుకున్న పట్టికలో కాలం ఉంది, స్థానం ఉంది, వేగం ఉంది, పలుకు సైజు కూడా ఉంది. ట్రే ఎలా కడిగారన్న గడి లేదు. పట్టికలో లేనిదాన్ని ఏ మెషినూ నేర్చుకోలేదు. ఆ గడి అక్కడ ఉండాలని తెలియాలంటే ఒకసారి చేతులు తడుపుకుని ఉండాలి.

నా అసలు ఫిర్యాదు ఇక్కడ మొదలవుతుంది, అందులో నేనూ ముద్దాయినే. మా ప్రాంతపు కళాశాలల్లో ప్రాక్టికల్ రికార్డు ఎలా తయారవుతుందో చదువుకున్నవారందరికీ తెలుసు. సీనియరు రికార్డు ముందు పెట్టుకుని, గురుత్వ త్వరణం 980 దగ్గర తేలేలా రీడింగులు వెనక నుంచి ముందుకు రాసుకొస్తారు. అలాంటి రికార్డుల మీద నేను ఎన్ని ఎర్ర సంతకాలు పెట్టానో లెక్క లేదు. అరవై మందికి రెండే లోలకాలు, అందులో ఒకదానికి దారం లేదు, సంతకం పెట్టక ఏం చేయను అని అప్పట్లో సర్దిచెప్పుకున్నాను. మా మనవరాలి కళాశాలలో మొదటి ఏడు భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మైక్రోస్కోపు అద్దాల బీరువాలో ఉందట, తాళం మాత్రం ఎవరి దగ్గర ఉందో తెలియదట. జవాబు ముందే తెలిసిన ప్రయోగంలో దొంగ రీడింగు రాస్తే మార్కులతో పోతుంది. క్రియాశీల పదార్థంలో జవాబు ఎవరికీ ముందు తెలియదు. రీడింగే ఆధారం, ఆ రీడింగుల మీదే మెషిన్ శిక్షణ పొందుతుంది. కుదిరిన వీడియోలను ఉంచి కుదరనివాటిని చెరిపేసే అలవాటుతో వెళ్లినవాడు ఆ మెషిన్‌కు అబద్ధం నేర్పుతాడు, అది ఎంతో నమ్మకంగా ఆ అబద్ధాన్నే తిరిగి చెబుతుంది.

ఇవన్నీ డబ్బున్న దేశాల ముచ్చట్లని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఈ రంగానికి సిద్ధాంత పునాదులు వేసినవారిలో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన శ్రీరామ్ రామస్వామి గారు ముఖ్యులు. హైదరాబాద్‌లో టాటా మౌలిక పరిశోధన సంస్థ నెలకొల్పిన కేంద్రానికి ఆయన 2012 నుంచి 2016 దాకా సంచాలకులుగా ఉన్నారు. ఆయన, అజయ్ సూద్, వారి విద్యార్థులు కలిసి 2014లో ప్రచురించిన ప్రయోగం ఒకటి చూడండి. కంపించే పలక మీద అల్యూమినియం గుండ్లు పరిచి, వాటి మధ్య కొద్దిపాటి ఇత్తడి పుల్లలు వేశారు. పుల్ల ఒక చివర మొద్దుగా, మరో చివర సన్నగా ఉంటుంది. పలక పైకీ కిందకీ కొట్టుకుంటుంటే, ఈ తేడా వల్ల పుల్ల ముందుకు జరుగుతుంది. పుల్లలు దూరదూరంగా ఉన్నాయి, ఒకదానికొకటి తగలవు. అయినా గుండ్లు తగినంత చిక్కగా ఉంటే, ఒక పుల్ల తోసిన గుండ్ల కదలిక మరో పుల్ల దాకా పాకి, కాసేపటికి పుల్లలన్నీ ఒకే దిక్కుకు తిరిగి సాగాయి. ఇత్తడి, అల్యూమినియం, కంపించే పలక, కెమెరా. ఇందులో మన జిల్లా కేంద్రంలో దొరకని వస్తువు ఏదీ లేదు. కావలసింది లేతు మీద పుల్లను ఆ కొలతకు తిప్పగల మనిషి, రోజుల తరబడి కదలికను ఓపికగా లెక్కించగల విద్యార్థి.

మందు మోసుకుపోయే సూక్ష్మ రోబోలు రేపో మాపో రక్తంలో తిరుగుతాయన్న మీ వ్యాసం చివరి వాక్యం గురించి ఒక్క ముక్క. తమంతట తాము ఈదే లోహపు పుల్లలు 2004 నుంచే ఉన్నాయి. ఒక సగం బంగారం, ఒక సగం ప్లాటినం, వాటి ఇంధనం హైడ్రోజన్ పెరాక్సైడ్. గాయాలు కడిగే ఆ ద్రవాన్ని నరాల్లోకి ఎక్కించలేరు. శరీరంలోనే దొరికే ఇంధనంతో, రక్తం తోపులాటకు తట్టుకుని నడిచేవాటి కోసం పని సాగుతోంది, వాటి ఆకారం వెతకడంలో కంప్యూటరు సాయమూ ఉంది. రోగి కుటుంబం ఆ వాక్యాన్ని ఎలా చదువుతుందో ఆలోచించి రాయాలని మాత్రం మనవి.

సీట్ల సంగతి తెలిసిందే. ఇంజినీరింగు కౌన్సెలింగు మొదలైతే ముందుగా నిండేవి కంప్యూటరు బ్రాంచీలు, డిగ్రీలో భౌతిక, రసాయన, జీవశాస్త్రాల తరగతి గదులు వెలవెలబోతున్నాయి. దీన్ని పిల్లల తప్పు అనలేను, ఉద్యోగం ఎక్కడుంటే అటే పోతారు. కానీ ఏఐ-ఎంఎల్ అని పేరు పెట్టుకున్న బ్రాంచికి నాలుగేళ్లలో కనీసం ఒక్క సెమిస్టరు, తాము శిక్షణకు వాడే సమాచారాన్ని తామే ఒక కదిలే పదార్థం నుంచి కొలిచి తెచ్చుకునే ప్రయోగశాల ఉండాలని విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళిక సంఘాలను కోరుతున్నాను. సూపర్‌కంప్యూటరు అక్కర్లేదు. ఒక ట్రే, ఒక ఫోను, స్పీకరు మీద బిగించిన పలక, బీరువాలోంచి బయటకు తీసిన ఒక మైక్రోస్కోపు చాలు. కుదరని రీడింగు రాసినవాడికి మార్కులు తగ్గించకూడదన్న నియమం ఒకటి మాత్రం కచ్చితంగా కావాలి. దీన్ని ఏ పాఠ్యప్రణాళిక సంఘమైనా అంగీకరిస్తుందా అన్నది నాకు అనుమానమే, మా తరం వాళ్లే ఇంకా అందులో కూర్చుని ఉన్నారు.

మీ పత్రికకూ ఒక చిన్న విన్నపం. పిల్లల పుటలో ఈ కర్పూరం ప్రయోగాన్ని వేయండి. పెద్దవాళ్లు దగ్గర ఉండి చేయించాలని, కర్పూరం విషం కాబట్టి చిన్నపిల్లల నోటికి అందనివ్వకూడదని తప్పక రాయండి. నీళ్లు చల్లగా ఉంటే ఎంతసేపు తిరిగింది, గోరువెచ్చగా ఉంటే ఎంతసేపు, రెండు పలుకులు వేస్తే ఏమైంది, వేలికి చుక్క కొబ్బరినూనె రాసి నీళ్లు ముట్టుకుంటే ఏమైంది అని ప్రశ్నలు వేసి, పట్టికకు ఖాళీ గళ్లు గీసి ఇవ్వండి. పిల్లలు పంపిన అంకెలను, ఒకదానితో ఒకటి పొసగకపోయినా, ఉన్నవి ఉన్నట్టు అచ్చు వేయండి. సరైన జవాబు మాత్రం పుట అడుగున తలకిందులుగా కూడా వేయకండి.

ఇట్లు,
ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
భీమవరం.